లెక్కలు రాసిన నర్సమ్మ : ఫ్లారెన్స్ నైటింగేల్

ప్రతి సంవత్సరం మే నెల 12వ తేదీన ప్రపంచమంతటా నర్సుల దినోత్సవం జరుగుతుంది. ఆ రోజున నర్సింగ్ పాఠశాలల్లో, దవాఖానల్లో ఒక పటానికి పూలదండ వేసి, దీపాలు వెలిగించి, నర్సులందరూ ప్రతిజ్ఞ చేయడం ఆనవాయితీ. ఆ పటంలో ఉన్న మహిళ ఫ్లారెన్స్ నైటింగేల్. మే 12 ఆమె జన్మదినం.

మన తరం వారికి ఆమె బడిలో చదివిన పాఠంగానే గుర్తు. యుద్ధంలో గాయపడిన సైనికుల మధ్య రాత్రివేళ దీపం పట్టుకొని తిరిగిన కరుణామయిగా మనకు ఆమెను పరిచయం చేశారు. ఆ కథ నిజమే. కాని ఆమె యుద్ధరంగంలో గడిపింది రెండేళ్లకు కొంచెం తక్కువ. ఆ తరువాత యాభై సంవత్సరాలకు పైగా జీవించారు. ఆ యాభై ఏళ్లలో ఎక్కువ కాలం ఆమె చేతిలో ఉన్నవి రిజిస్టర్లు, నివేదికలు, అంకెల పట్టికలు. ఏ పని వల్ల రోగి బతుకుతున్నాడు, ఏ పని వల్ల చనిపోతున్నాడు అని లెక్క తీసి, ఆ లెక్కను అధికారుల ముందు పెట్టి, దవాఖానల తీరునే మార్పించిన మహిళ ఆమె.

ఈ రోజుల్లో వైద్యరంగంలో ఆధారాల మీద నిలిచిన పరిచర్య అనే మాట తరచూ వినిపిస్తున్నది. పెద్దలు చేశారు కాబట్టి మనమూ చేద్దాం అనుకోకుండా, దీనివల్ల రోగికి మేలు జరుగుతుందని పరిశీలనలో తేలింది కాబట్టి చేద్దాం అనడమే దాని సారాంశం. నర్సుకు ఈ జ్ఞానం, ఈ నేర్పు ఎక్కడి నుంచి వస్తాయి? చదువు నుంచా, అనుభవం నుంచా, పై అధికారుల ప్రోత్సాహం నుంచా? నైటింగేల్ జీవితం ఈ ప్రశ్నకు చక్కని సమాధానం చెబుతుంది. దవాఖాన మెట్లు తరచుగా ఎక్కవలసిన వయసులో ఉన్న మనకూ, వైద్య ఆరోగ్య శాఖలో పనిచేసి విశ్రాంతి పొందిన మన సోదరీమణులకూ ఇది ఆసక్తి కలిగించే విషయమని భావించి ఈ ప్రత్యేక సంచికలో ఆమె జీవిత విశేషాలను అందిస్తున్నాము.

బాల్యం – చదువు

ఫ్లారెన్స్ నైటింగేల్ 1820 మే 12న ఇటలీలోని ఫ్లారెన్స్ నగరంలో జన్మించారు. పుట్టిన ఊరి పేరే ఆమెకు పెట్టారు. తల్లిదండ్రులు సంపన్నులైన ఆంగ్లేయులు. తండ్రి విలియం ఎడ్వర్డ్ నైటింగేల్, తల్లి ఫ్రాన్సెస్. అక్క పేరు పార్తెనోపీ. డెర్బీషైర్‌లో ఒక ఇల్లు, హాంప్‌షైర్‌లో మరొక ఇల్లు, నౌకర్లు, విందులు, ఏ లోటూ లేని కుటుంబం.

ఆ కాలంలో అటువంటి ఇళ్ల ఆడపిల్లలకు సంగీతం, కుట్టుపని, నలుగురిలో మెలిగే మర్యాద నేర్పితే చాలనుకునేవారు. నైటింగేల్ తండ్రి మాత్రం తన ఇద్దరు కుమార్తెలకు తానే గురువై గ్రీకు, లాటిన్, చరిత్ర, తత్వశాస్త్రం బోధించారు. చిన్న కూతురికి గణితమంటే ప్రాణం. లెక్కలు నేర్చుకుంటానని ఆమె పట్టుబడితే, ఆడపిల్లకు లెక్కలెందుకని తల్లి అభ్యంతరం చెప్పారు. చివరకు ఆమె పట్టుదలే గెలిచింది. తన చుట్టూ కనిపించే దేనినైనా పట్టికలుగా రాసుకోవడం ఆమెకు చిన్ననాటి నుంచే అలవాటు. ముందు ముందు వేల మంది ప్రాణాలకు అక్కరకు వచ్చింది ఆ అలవాటే.

యుక్తవయసులో ఆమె నర్సు పని చేస్తానని చెప్పినప్పుడు ఇంట్లో పెద్ద తుపాను రేగింది. ఆనాటి ఇంగ్లండులో నర్సు పనికి గౌరవం లేదు. చదువులేని పేద స్త్రీలు, వేరే బతుకుతెరువు లేనివారు చేసే పనిగా దానిని చూసేవారు. శిక్షణ అనేది లేదు. తల్లి, అక్క కన్నీళ్లు పెట్టుకున్నారు. ఏళ్ల తరబడి ఈ ఘర్షణ సాగింది. రిచర్డ్ మాంక్టన్ మిల్న్స్ అనే ప్రముఖుడు పెళ్లి ప్రస్తావన తెస్తే 1849లో ఆమె కాదన్నారు. ఇంట్లో అందరూ నిద్రలేవక ముందే తెల్లవారుజామున లేచి ఆసుపత్రుల నివేదికలు, ప్రజారోగ్య పుస్తకాలు చదివి సొంతంగా నోట్సు రాసుకునేవారు.

1851లో జర్మనీలోని కైజర్స్‌వెర్త్ అనే చోట పాస్టర్ ఫ్లీడ్నర్ నడుపుతున్న సేవాసంస్థలో దాదాపు మూడు నెలలు ఉండి పని నేర్చుకున్నారు. 1853 ఆగస్టులో లండన్‌లోని హార్లీ వీధిలో, జబ్బుపడిన స్త్రీల కోసం నడిచే ఒక చిన్న ఆసుపత్రికి పర్యవేక్షకురాలయ్యారు. అప్పుడు ఆమె వయసు ముప్పై మూడు.

స్కుటారి ఆసుపత్రి

1854లో బ్రిటన్ రష్యాకు వ్యతిరేకంగా క్రిమియా యుద్ధంలోకి దిగింది. గాయపడిన బ్రిటిష్ సైనికులను నల్లసముద్రం దాటించి, టర్కీలో ఇస్తాంబుల్ ఎదుటి ఒడ్డున ఉన్న స్కుటారి బారక్ ఆసుపత్రికి తరలించేవారు. అక్కడి దయనీయ స్థితి గురించి పత్రికలు రాయగా దేశంలో ఆందోళన చెలరేగింది. యుద్ధ వ్యవహారాల మంత్రి సిడ్నీ హెర్బర్ట్ ఆమెకు మిత్రుడు. ఆయన కోరిక మీద నైటింగేల్ 38 మంది స్త్రీలతో బయలుదేరి 1854 నవంబరు 4న స్కుటారి చేరారు.

వరండాల్లో సైతం రోగులు. పడకలు లేవు, దుప్పట్లు లేవు, సబ్బు లేదు, తువ్వాలు లేదు. సరుకు గోదాముల్లో ఉన్నా సంతకాలు పూర్తికాక బయటికి రాదు. ఫైళ్ల మధ్య బతికిన మనకు ఆ పరిస్థితి వివరించనక్కరలేదు. సైనిక వైద్యాధికారులకు ఈ ఆడవారి రాక నచ్చలేదు. ఆమె వారితో గొడవకు దిగలేదు. అడిగితేనే వార్డులోకి వెళ్లండి, డాక్టరు చెప్పినదే చేయండి అని తన నర్సులను కట్టడి చేశారు. వంటశాల, బట్టలుతికే ఏర్పాటు, శుభ్రత, రోగులకు తగిన ఆహారం ఒక్కొక్కటిగా చక్కదిద్దారు. రాత్రివేళ దీపం పట్టుకొని వార్డులన్నీ తిరిగేవారు. దీపధారిణి అన్న పేరు అప్పుడు వచ్చినదే.

అయినా చావులు ఆగలేదు. ఈ సంగతి మన పాఠ్యపుస్తకాలు చెప్పలేదు. ఆమె వచ్చిన తరువాతి చలికాలంలో మరణాలు ఇంకా పెరిగాయి. 1855 ఫిబ్రవరిలో ఆసుపత్రిలో చేరిన ప్రతి వంద మందికి 42 మందికి పైగా చనిపోయారు. వారిలో ఎక్కువ మంది గాయాలతో కాక విరేచనాలు, కలరా, జ్వరాల వంటి వ్యాధులతో పోయారు. 1855 మార్చిలో లండన్ నుంచి పారిశుధ్య సంఘం ఒకటి వచ్చింది. ఆ భవనం కిందనే మురుగుకాల్వలు పూడిపోయి ఉన్నాయని గుర్తించి వాటిని తీయించింది. నీటిదారిని శుభ్రం చేయించింది. గాలి ఆడేట్టు చేసింది. జూన్ నాటికి మరణాలు నూటికి రెండు మూడుకు దిగివచ్చాయి.

లెక్కలు చెప్పిన నిజం

1856 ఆగస్టులో ఆమె స్వదేశం చేరారు. దేశమంతా ఆమెకు నీరాజనాలు పట్టింది. ఆమె ఊరేగింపులను తప్పించుకొని ఇంటికి వెళ్లిపోయారు. విక్టోరియా రాణిని కలిసి, సైన్యం ఆరోగ్యం మీద రాజసంఘం వేయించడానికి కృషి చేశారు. 1857లో ఆ సంఘం ఏర్పడింది.

అంతవరకు ఆమె నమ్మకం వేరు. సైనికులు తిండి చాలక, అతిశ్రమతో, ఆలస్యంగా ఆసుపత్రికి చేరడం వల్ల చనిపోయారని ఆమె అనుకునేవారు. డాక్టర్ విలియం ఫార్ అనే గణాంక నిపుణునితో కూర్చొని నెలల వారీగా, ఆసుపత్రుల వారీగా మరణాల లెక్కలు తీసినప్పుడు చిత్రం మారిపోయింది. ఎక్కువ మందిని బలి తీసుకున్నది ఆసుపత్రుల్లోని అపరిశుభ్రత, కిక్కిరిసిన వార్డులు. తాను పగలూ రాత్రీ శ్రమించిన ఆసుపత్రి కూడా వాటిలో ఒకటి. లోకం దేవతగా కొలుస్తున్న మనిషికి ఈ నిజం మింగుడుపడడం ఎంత కష్టమో ఊహించుకోవచ్చు. ఆమె దానిని దాచలేదు. తన పాత అభిప్రాయాన్ని పక్కన పెట్టి, లెక్క చూపిన దానినే పట్టుకున్నారు. ఆధారాల మీద నిలిచిన పరిచర్యకు ప్రాణం ఇదే. అంకె ఒకటి చెబుతుంటే, నా ఇరవై ఏళ్ల సర్వీసు ఇంకొకటి చెబుతున్నదని మొండికేయకుండా అంకెను మళ్లీ మళ్లీ సరిచూసి, నిజమైతే తలవంచడం.

అంకెల పట్టికలను పెద్దలు చదవరని ఆమెకు తెలుసు. అందుకే గులాబీ పువ్వు రేకుల్లా కనిపించే రంగుల చిత్రం ఒకటి తయారుచేశారు. ఒక్కొక్క రేకు ఒక్కొక్క నెల. నీలిరంగు నివారించదగిన వ్యాధుల మరణాలు, ఎరుపు గాయాల మరణాలు, నలుపు ఇతర కారణాలు. నీలిరంగు ఎంత విస్తరించి ఉందో చూసినవారికి వేరే వివరణ అవసరం లేదు. శాంతికాలంలో కూడా బారకుల్లోని యువ సైనికులు అదే వయసు పౌరుల కంటే దాదాపు రెట్టింపు సంఖ్యలో చనిపోతున్నారని కూడా ఆమె నిరూపించారు. 1858లో లండన్ గణాంక సంఘం ఆమెను సభ్యురాలిగా ఎన్నుకుంది. ఆ గౌరవం పొందిన తొలి మహిళ ఆమె.

క్రిమియాలో పట్టిన జ్వరం ఆమెను జీవితాంతం వదలలేదు. 1857 తరువాత చాలా ఏళ్లు మంచం మీదనే గడిపారు. ఆ గదిలోంచే మంత్రులకు, వైస్రాయిలకు, ఇంజనీర్లకు వేల సంఖ్యలో ఉత్తరాలు రాసి పనులు చేయించారు.

మన దేశం – మన గోదావరి

నైటింగేల్ ఎన్నడూ భారతదేశం రాలేదు. కాని నలభై ఏళ్ల పాటు ఈ దేశం గురించి శ్రమించారు. 1857 తిరుగుబాటు తరువాత ఇక్కడి సైన్యం ఆరోగ్యం మీద 1859లో మరొక రాజసంఘం ఏర్పడింది. ఆమె ప్రశ్నల పత్రం తయారుచేసి దేశంలోని సైనిక స్థావరాలన్నింటికీ పంపించారు. తాగునీరు ఎక్కడి నుంచి వస్తుంది, మురుగు ఎటు పోతుంది, ఒక గదిలో ఎందరు పడుకుంటారు, ఎందరు ఏ జబ్బుతో చనిపోయారు వంటి ప్రశ్నలవి. జవాబులు కట్టలు కట్టలుగా లండన్‌లోని ఆమె ఇంటికి చేరాయి. అప్పటికి ఇక్కడ బ్రిటిష్ సైనికుల మరణాలు ఏడాదికి వెయ్యికి 69. సంఘం నివేదిక 1863లో వెలువడింది. మురుగుకాల్వలు, మంచినీరు, గాలి వెలుతురు గల బారకులు ఏర్పడిన తరువాత, పదేళ్లకు ఆ సంఖ్య వెయ్యికి 18కి దిగింది.

సైనికుని లెక్కతో ఆమె ఆగలేదు. చుట్టుపక్కల పల్లెల్లో రైతులు, కూలీలు ఆరోగ్యంగా లేకపోతే బారకు ఒక్కటే బాగుపడదని ఆమెకు అర్థమైంది. 1876–78 కరువులో దక్షిణాదిన లక్షల మంది చనిపోయినప్పుడు ఆమె కలం ఆగలేదు. కరువుకు మందు నీరేనని వాదించిన సర్ ఆర్థర్ కాటన్‌కు ఆమె గట్టి మద్దతుదారు. ధవళేశ్వరం ఆనకట్ట వల్ల గోదావరి డెల్టాలో వచ్చిన మార్పును ఆమె ఉదాహరణగా ఎత్తిచూపేవారు. బాసర దాటి, మన పాత ఆదిలాబాద్, కరీంనగర్ జిల్లాల నడుమ పారి, ధర్మపురి, మంచిర్యాల, మంథని మీదుగా ధవళేశ్వరం చేరే ఆ గోదావరి పేరు లండన్‌లో మంచం పట్టిన ఒక నర్సు ఉత్తరాలలో చోటుచేసుకోవడం మనకు సంతోషం కలిగించే విషయం.

ఒక సంగతి ఇక్కడ చెప్పుకోవాలి. చెడుగాలి వల్ల జబ్బులు వస్తాయన్నది ఆ కాలపు నమ్మకం. ఆమె కూడా చాలాకాలం అదే నమ్మారు. క్రిముల సిద్ధాంతం రుజువైన తరువాత, 1880 దశకం నాటికి తన బోధనలో క్రిమినాశక పద్ధతులను చేర్చుకున్నారు. నాటి సిద్ధాంతం తప్పైనా ఆమె లెక్క తప్పు కాలేదు. మురుగు తీస్తే చావులు తగ్గాయి. కారణం తరువాతి వారు కనుగొన్నారు. మన సికింద్రాబాద్‌లోనే 1897 ఆగస్టు 20న రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా జీవిని చూసి, ఆ జ్వరానికి చెడుగాలి కారణం కాదని తేల్చారు.

నర్సుల పాఠశాల

క్రిమియా సేవలకు కృతజ్ఞతగా ప్రజలు చందాలు వేసి నైటింగేల్ నిధి ఏర్పాటు చేశారు. నలభై నాలుగు వేల పౌండ్లకు పైగా పోగైంది. ఆ సొమ్ముతో 1860 జూలై 9న లండన్‌లోని సెయింట్ థామస్ ఆసుపత్రిలో నర్సుల శిక్షణ పాఠశాల మొదలైంది. శిక్షణ ఒక సంవత్సరం. డాక్టర్ల పాఠాలు, వార్డులో సిస్టర్ల పర్యవేక్షణలో పని, రోగుల గురించి సొంతంగా నోట్సు రాయడం అందులో భాగాలు. ప్రతి విద్యార్థిని పనితీరును, నడవడిని నెలనెలా ఒక పత్రంలో నమోదు చేసేవారు. మన శాఖల్లో ఉన్న రహస్య నివేదికల వంటివే అవి.

పాఠశాల పెట్టి ఊరుకోలేదు. 1870 తరువాత విచారించగా, పాఠాలు సరిగా జరగడం లేదనీ, పిల్లలను వార్డు చాకిరీకి వాడుకుంటున్నారనీ తేలింది. వెంటనే మార్పులు చేశారు. విద్యార్థినుల చదువు చూడడానికి ప్రత్యేకంగా ఒక సిస్టరును నియమించారు. తానే ఒక్కొక్కరిని పిలిపించుకొని మాట్లాడేవారు. 1872 నుంచి నర్సులకు సంవత్సరానికొక లేఖ రాయడం మొదలుపెట్టారు. నర్సు చదువు సర్టిఫికెట్‌తో ముగియదనీ, ఏటేటా ముందుకు సాగకపోతే వెనక్కు పోయినట్లేననీ ఆమె అభిప్రాయం. ఈ నమ్మకంతోనే నర్సులకు పరీక్ష పెట్టి రిజిస్టరు చేసే ప్రతిపాదనను 1880, 90 దశకాల్లో ఆమె వ్యతిరేకించారు. ఆ విషయంలో కాలం ఆమె పక్షాన నిలవలేదు. రిజిస్ట్రేషన్ నర్సులకు చట్టపరమైన గౌరవం ఇచ్చింది. మన దేశంలో 1947లో ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ చట్టం వచ్చింది. కాని పరీక్ష ప్యాసైతే చాలదన్న ఆమె హెచ్చరికకు నేటికీ విలువ ఉంది.

కాన్పుల వార్డు మూసివేత

ఆమె జీవితంలో పెద్దగా ప్రచారం పొందని ఘట్టం ఇది. నైటింగేల్ నిధి సాయంతోనే 1860 దశకం మొదట్లో లండన్‌లోని కింగ్స్ కాలేజీ ఆసుపత్రిలో ఒక కాన్పుల వార్డు తెరిచారు. పల్లెటూళ్లలో పనిచేసే మంత్రసానులకు శాస్త్రీయ శిక్షణ ఇవ్వడం దాని ఉద్దేశం. మంచి ఉద్దేశం, మంచి పేరు, చాలినంత డబ్బు. అయితే ఆ వార్డులో బాలింతలు సూతికా జ్వరంతో చనిపోసాగారు. 1867లో ఆమె ఆ వార్డును మూసివేయించారు. అంతటితో ఊరుకోకుండా దేశవిదేశాల కాన్పు ఆసుపత్రుల లెక్కలు తెప్పించి పోల్చి చూశారు. పేదల గుడిసెల్లో జరిగే కాన్పుల కంటే ఆసుపత్రుల్లో జరిగే కాన్పుల్లో తల్లులు ఎన్నోరెట్లు ఎక్కువగా చనిపోతున్నారని తేలింది. 1871లో ఈ వివరాలతో ఒక పుస్తకం ప్రచురించారు. తన సొంత పథకమే అయినా, తన పేరు మీద నడుస్తున్నదే అయినా, లెక్క వ్యతిరేకంగా ఉంటే ఆపివేయాలన్నది ఆమె నీతి.

చివరి దినాలు

ఆమెకు అండగా నిలిచిన సిడ్నీ హెర్బర్ట్ 1861లోనే మరణించారు. విలియం ఫార్ 1883లో పోయారు. ఆమె మాత్రం పని మానలేదు. 1890 దశకంలో కూడా భారతదేశపు పల్లెల పారిశుధ్యం మీద వ్యాసాలు రాశారు. వృద్ధాప్యంలో చూపు పోయింది, జ్ఞాపకశక్తి తగ్గింది. 1907లో బ్రిటిష్ రాజు ఆర్డర్ ఆఫ్ మెరిట్ ఇచ్చారు. ఆ గౌరవం అందుకున్న మొదటి మహిళ ఆమె. 1910 ఆగస్టు 13న తొంభై ఏళ్ల వయసులో నిద్రలోనే కన్నుమూశారు. దేశ ప్రముఖులను ఖననం చేసే వెస్ట్‌మినిస్టర్ ఆబేలో చోటిస్తామన్నా కుటుంబసభ్యులు ఆమె కోరిక మేరకు వద్దన్నారు. ఈస్ట్ వెల్లో అనే పల్లెలో, తల్లిదండ్రుల సమాధి వద్దనే ఆమెను ఉంచారు. ఆమె పేరుకు గుర్తుగా రాతి మీద చెక్కినవి రెండు పొడి అక్షరాలు మాత్రమే.

మన జిల్లాల దవాఖానలకు ఈ జీవితం చెప్పేది

నర్సుకు ఆధారాల మీద పనిచేసే జ్ఞానం ఎలా వస్తుందన్న ప్రశ్నకు ఇప్పుడు సమాధానం చూద్దాం. నైటింగేల్‌కు మూడు సమకూరాయి. చిన్ననాటి గణిత విద్య ఒకటి. చూసింది చూసినట్లు రాసుకునే అలవాటు రెండవది. హెర్బర్ట్, ఫార్ వంటి వారు ఆమె మాట విని, దాన్ని ఉత్తర్వుగా మార్చడం మూడవది. మూడవది లేకుంటే మొదటి రెండూ కాగితం మీదే మిగిలేవి.

నేటి పరిశోధకులు కనుగొన్నది కూడా దాదాపు ఇదే. 1991లో అమెరికాలో సాండ్రా ఫంక్ అనే పరిశోధకురాలు తన సహచరులతో కలిసి, పరిశోధన ఫలితాలను వార్డులో అమలుచేయడానికి నర్సులకు అడ్డు వస్తున్నవి ఏమిటని విచారించారు. రోగి సంరక్షణ పద్ధతిని మార్చే అధికారం తమకు లేదనీ, సమయం చాలదనీ చాలామంది చెప్పారు. తరువాత అనేక దేశాల్లో జరిగిన విచారణల్లోనూ ఇవే జవాబులు వచ్చాయి. నర్సులకు ఇష్టం లేక కాదు. నేర్చుకోవాలన్న కోరిక ఎక్కువగానే ఉంది. వెతికి చదివే నేర్పు, చదివింది అర్థం చేసుకునే శిక్షణ, తీరిక, పై వారి మద్దతు తక్కువ.

మన దగ్గర ఈ మాటలు ఇంకా బాగా వర్తిస్తాయి. బోధనాసుపత్రి సాధారణ వార్డులో ముగ్గురు రోగులకు ఒక నర్సు ఉండాలన్నది నర్సింగ్ కౌన్సిల్ ప్రమాణం. మన వార్డులు చూసినవారికి ఆ ప్రమాణానికీ వాస్తవానికీ ఉన్న దూరం తెలుసు. రాత్రి డ్యూటీలో సెలైన్లు మార్చడం, ఇంజెక్షన్లు, కేస్ షీట్లు, రోగి బంధువుల ప్రశ్నలు, వీటి మధ్య కొత్త విషయం చదివే తీరిక ఎక్కడిది? చదువుదామన్నా పరిశోధన పత్రాలు ఆంగ్లంలో ఉంటాయి. ఆదిలాబాద్ ఏజెన్సీలో రోగి గోండి లేదా కొలామీ మాట్లాడితే, అతని బాధ వినడానికే ముందు భాష కావాలి. బి.యస్సీ. నర్సింగ్ చదువులో పరిశోధన, గణాంకాలు పాఠ్యాంశాలే. ఆ పాఠం వార్డులో బతకాలంటే సీనియర్ సిస్టర్, సూపరింటెండెంట్ తోడ్పడాలి. 2008లో ఆదిలాబాద్‌లో రిమ్స్ వచ్చింది. 2022, 2023 సంవత్సరాల్లో జగిత్యాల, మంచిర్యాల, రామగుండం, కరీంనగర్, నిర్మల్, ఆసిఫాబాద్, సిరిసిల్లల్లో ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. వాటి గ్రంథాలయాల తలుపులు నర్సులకు కూడా తెరిచి ఉంచితే ఎంతో మేలు.

కాన్పుల విషయంలో మన కరీంనగర్ కథ ప్రత్యేకంగా చెప్పుకోదగినది. 2019–21లో జరిగిన ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో వంద కాన్పుల్లో 21కి పైగా పెద్దాపరేషన్లు. తెలంగాణలో 60కి పైగా. కరీంనగర్ జిల్లాలో 82. దేశంలోనే అత్యధికంగా ఆపరేషన్లు జరిగే జిల్లాల్లో మనది ఒకటి. అవసరమైనప్పుడు ఆపరేషన్ తల్లినీ బిడ్డనూ కాపాడుతుంది. అందులో సందేహం లేదు. కాని ఒక ప్రాంతంలో పది శాతం దాటిన తరువాత ఆపరేషన్లు పెరిగినంత మాత్రాన తల్లీబిడ్డల మరణాలు తగ్గుతున్నట్లు కనబడలేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ప్రకటించింది.

ఇక్కడే నర్సుల జ్ఞానం అక్కరకు వచ్చింది. 2017లో తెలంగాణ ప్రభుత్వం, ఫెర్నాండెజ్ ఫౌండేషన్, యునిసెఫ్ సహకారంతో స్టాఫ్ నర్సులకు ఏడాదిన్నర మిడ్‌వైఫరీ శిక్షణ మొదలుపెట్టింది. కరీంనగర్ మాతాశిశు ఆసుపత్రి ఆ ప్రయత్నానికి తొలి వేదికల్లో ఒకటి. నొప్పుల సమయంలో గర్భిణి పక్కన ఒకరు ఎడతెగకుండా తోడుంటే మామూలు కాన్పులు పెరుగుతాయని, ఆపరేషన్లు తగ్గుతాయని పలు దేశాల పరిశోధనల్లో తేలింది. వెల్లకిలా పడుకోబెట్టకుండా నడవనివ్వడం, ఊపిరి తీసుకునే పద్ధతి నేర్పడం, నొప్పులు సాగుతున్న తీరును పార్టోగ్రాఫ్ అనే గీతల కాగితం మీద గంటగంటకూ గుర్తించడం ఇవన్నీ ఆ శిక్షణలోని అంశాలు. ఆ కాగితం మీద గీత దారి తప్పితే డాక్టరును పిలవాలి, తప్పకపోతే ఓపిక పట్టాలి. నైటింగేల్ గులాబీ చిత్రానికి ఇది మనుమరాలి వంటిది.

అయితే సిస్టరమ్మ ఎంత నేర్చుకున్నా, మంచి ముహూర్తం చూసి ఆ వేళకే బిడ్డను తీయాలని ఇంటి పెద్దలే పట్టుబడితే ఆమె నేర్పు ఏం చేయగలదు? ఆ ఇంటి పెద్దలు ఎవరో కాదు, మనమే. కూతురి కాన్పుకో, మనవరాలి కాన్పుకో దవాఖానకు వెళ్లినప్పుడు ముహూర్తం అడగడానికి బదులు, ఆపరేషన్ ఎందుకు అవసరమైందో అడుగుదాం. మామూలు కాన్పుకు ఓపిక పడతామని ముందే చెబుదాం. మనం మంచాన పడినప్పుడు నర్సు చేయి కడుక్కొని వచ్చి ముట్టుకుంటే అది ఆలస్యమని విసుక్కోవద్దు. రెండు గంటలకొకసారి పక్కకు తిప్పి పడుకోబెడితే సతాయిస్తున్నదని అనుకోవద్దు. కేస్ షీటు రాస్తూ కూర్చుంటే పని ఎగ్గొడుతున్నదని అనవద్దు. ఆమె రాస్తున్న ఆ అంకెలే రేపు ఒక ప్రాణం నిలపవచ్చు.

మన సంఘంలోని విశ్రాంత నర్సు సోదరీమణులకు ఒక మనవి. మీరు ముప్పై ఏళ్లు వార్డుల్లో చూసినది ఏ పుస్తకంలోనూ లేదు. కొత్తగా ఉద్యోగంలో చేరిన అమ్మాయిలకు అది చెప్పండి. చెప్పేటప్పుడు, ఏది వాడుక, ఏది రుజువైన మేలు అన్న తేడా కూడా చెప్పండి. ఉద్యోగంలో ఉండగా మనమంతా పై ఆఫీసు అడిగింది కాబట్టి రిజిస్టర్లు నింపాము. ఆ రిజిస్టరు తెరిచి, అందులోని అంకె ఏం చెబుతున్నదని అడిగిన మనిషి నైటింగేల్. ఆమె పటానికి దండ వేసే ప్రతి దవాఖానలోనూ ఆ ప్రశ్న అడిగే నర్సు ఒక్కరైనా ఉండాలనీ, ఆమె మాట వినే అధికారి ఒక్కరైనా ఉండాలనీ కోరుకుందాం.